స్పృహను ఎలా కొలుస్తారు?

జ్వరాన్ని థర్మామీటరుతో కొలుస్తారు. రక్తపోటును బి.పి. మిషనుతో కొలుస్తారు. మరి మనిషికి తెలివి ఎంత ఉందో దేనితో కొలుస్తారు?

తెలివి అంటే ఇక్కడ చదువు తెలివి కాదు. "తెలివి తప్పి పడిపోయాడు" అంటామే, ఆ తెలివి. తెలంగాణలో దాన్నే "సోయి" అంటారు. పుస్తకాల్లో "స్పృహ" అని రాస్తారు.

తలకు దెబ్బ తగిలిన మనిషిని ఆసుపత్రిలో చేర్చారనుకోండి. నర్సమ్మ మాటిమాటికీ వచ్చి లేపుతుంది. "నీ పేరేంటి? ఇప్పుడు ఎక్కడున్నావు? ఇది ఏ నెల?" అని అడుగుతుంది. "నా వేళ్లు పట్టుకో. వదులు" అంటుంది. పక్కనున్న ఇంటివాళ్లకు విసుగొస్తుంది. "ఇందాకే అడిగారు కదా సిస్టర్! కాస్త పడుకోనివ్వండి" అంటారు.

ఆమె ఊరికే లేపడం లేదు. స్పృహను కొలుస్తోంది.

ఈ కొలత స్కాట్లండు దేశంలోని గ్లాస్గో పట్టణంలో పుట్టింది. 1974లో గ్రాహం టీస్‌డేల్, బ్రయాన్ జెన్నెట్ అనే ఇద్దరు డాక్టర్లు దీన్ని తయారుచేశారు. అంతకుముందు ఒకరు "మగతగా ఉన్నాడు" అని రాసేవారు. ఇంకొకరు "మత్తుగా ఉన్నాడు" అని రాసేవారు. రోగి కోలుకుంటున్నాడా, దిగజారుతున్నాడా అన్నది ఆ మాటల వల్ల తెలిసేది కాదు. అందుకని అందరూ ఒకే తీరుగా చూసి, ఒకే తీరుగా రాసే పద్ధతి పెట్టారు. తరవాత దానికి అంకెలు కలిశాయి. మన నర్సులు కూడా దీన్ని నేర్చుకుంటారు.

నర్సు మూడు సంగతులు చూస్తుంది.

కళ్లు: వాటంతట అవే తెరిచి ఉంటే 4. పిలిస్తే తెరిస్తే 3. గోటి మీద గట్టిగా నొక్కితే తెరిస్తే 2. అప్పుడూ తెరవకపోతే 1.

మాట: సరిగ్గా జవాబు చెబితే 5. తికమకగా చెబితే 4. విడి విడి మాటలు అంటే 3. ఒట్టి మూలుగు అయితే 2. ఏమీ లేకపోతే 1.

కదలిక: చెప్పినట్టు చేస్తే 6. మెడ దగ్గర నొక్కినప్పుడు చెయ్యి అక్కడికి తెస్తే 5. నొప్పికి చెయ్యి లాక్కుంటే 4. చెయ్యి వింతగా ముడుచుకుంటే 3. బిర్రుగా చాచుకుంటే 2. కదలిక లేకపోతే 1.

మూడూ కలిపితే ఎక్కువలో ఎక్కువ 15. తక్కువలో తక్కువ 3. 8, అంతకంటే తక్కువ వస్తే ప్రాణానికి చాలా ప్రమాదం.

ఒక్కసారి కొలిస్తే చాలదు. వచ్చినప్పుడు 15 ఉన్న మనిషికి రెండు గంటల తరవాత 13 వచ్చిందనుకోండి. పిలిస్తేనే కళ్లు తెరుస్తున్నాడు. ఆసుపత్రిలో ఉండి పొలంలో ఉన్నానంటున్నాడు. ఇంటివాళ్లు "నిద్రమత్తులే" అనుకుంటారు. నర్సు మాత్రం వెంటనే డాక్టరును పిలుస్తుంది. ఎందుకు? పుర్రె గట్టి ఎముక. లోపల రక్తం కారితే పుర్రె సాగదు. ఆ రక్తం మెదడును నొక్కుతుంది. వెంటనే స్కానింగు తీసి, అవసరమైతే ఆపరేషను చేస్తే మనిషి దక్కవచ్చు. తెల్లారేదాకా పడుకోనిస్తే దక్కకపోవచ్చు.

అందుకే మొదటి గంటల్లో అరగంటకోసారి కూడా చూస్తారు. టార్చిలైటు వేసి కంటిపాపలు కూడా చూస్తారు. వెలుగు పడితే పాప చిన్నది కావాలి. ఒక పాప పెద్దదై, వెలుగుకు చిన్నది కాకపోతే అది ప్రమాద సూచన. చూసిన ప్రతిసారీ టైము వేసి రాస్తారు. డ్యూటీ మారినప్పుడు వచ్చే నర్సుకు ఆ కాగితమే ఆధారం.

ఇందులో మన పని కూడా ఉంది. రోగికి చెవుడు ఉంటే ముందే చెప్పాలి. లంబాడీ మాటో, ఉర్దూ మాటో తప్ప తెలుగు రాకపోతే చెప్పాలి. లేకపోతే జవాబు రాలేదని తక్కువ అంకె వేసే అవకాశం ఉంది. షుగరు, మూర్ఛ జబ్బులు ఉన్నా చెప్పాలి. మందు తాగి ఉంటే దాచకూడదు.

గుర్తుంచుకోండి:

తెలివి లేని మనిషి నోట్లో నీళ్లు, సోడా పొయ్యకండి. అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

"తాగి పడ్డాడులే" అని వదిలెయ్యకండి. తాగినవాడి తలకూ దెబ్బ తగులుతుంది. 108కి ఫోను చెయ్యండి.

దెబ్బ తగిలాక వాంతులు, మగత, తికమక మాటలు, ఫిట్సు కనిపిస్తే ఆలస్యం చెయ్యకండి.

ఆసుపత్రిలో నర్సు రోగిని లేపితే అడ్డుపడకండి. మీకు ఏదైనా తేడా కనిపిస్తే మీరే వెళ్లి ఆమెను పిలవండి.