బొమ్మ రాకపోయినా పాఠం నడవాలి

హోంవర్కు పేజీని మీరు ఇంట్లో మంచి వైఫై మీద, పెద్ద స్క్రీన్ ముందు కూర్చుని తయారుచేస్తారు. పిల్లలు దాన్ని కారు వెనక సీట్లో, అమ్మ ఫోన్లో, క్లాసుకి పది నిమిషాల ముందు తెరుస్తారు. అక్కడ బొమ్మ ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి అసలు రాదు.

"ఉడుత" బొమ్మ రాకపోతే పెద్ద నష్టం లేదు. కిటికీలోంచి చూస్తే పెరట్లో ఉడుత ఉంటుంది. "తిరగలి" సంగతి అలా కాదు. ఇక్కడి వంటింట్లో అది లేదు, పిల్లలకు తెలిసిన ఇంగ్లీషులో దానికి రోజువారీ మాటా లేదు. ఆ బొమ్మే ఆ మాటకు అర్థం. అది రాకపోతే మిగిలేవి నాలుగు అక్షరాలే.

బొమ్మ రాకపోవడానికి కారణం ప్రతిసారీ నెట్ కాదు. ఐఫోన్లు 2017 నుంచి ఫోటోలను హెచ్‌ఈఐసీ అనే పద్ధతిలో దాస్తున్నాయి. క్రోమ్ బ్రౌజర్ వాటిని చూపించదు, కాబట్టి జేపెగ్‌లోకి మార్చి పెట్టండి. ఫైలు పేరులో ఇంగ్లీషు పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా వచ్చినా మీ విండోస్ కంప్యూటర్ సర్దుకుపోతుంది, లినక్స్ సర్వర్ మాత్రం ఒప్పుకోదు. గూగుల్ డ్రైవ్‌లో "షేర్" నొక్కితే వచ్చేది బొమ్మ లింకు కాదు, బొమ్మను చూపించే పేజీ లింకు. పైగా చూసే అనుమతి మీ ఒక్కరికే ఉండొచ్చు. అందుకే "నాకు కనిపిస్తోందండీ" అనే మాటని నమ్మకండి. ప్రైవేట్ విండోలో తెరిచి చూడండి. ఇతరుల సైటులోని బొమ్మకు నేరుగా లింకు ఇవ్వకండి. వాళ్లు తీసేసిన రోజు మీ పాఠంలోనూ పోతుంది. వాడుకునే అనుమతి ఉన్న బొమ్మనే తెచ్చి బడి సైటులో పెట్టుకోండి.

ఇక ఆలస్యం. ఫోనుతో తీసిన ఫోటో నాలుగైదు ఎంబీలు కూడా ఉండొచ్చు. పాఠానికి 800 పిక్సెళ్ల వెడల్పు చాలు. ఇమేజ్ ట్యాగులో విడ్త్, హైట్ రెండూ తప్పకుండా రాయండి. అవి ఉంటే బ్రౌజర్ ముందే బొమ్మకు చోటు పట్టి ఉంచుతుంది. లేకపోతే ఏమవుతుందో చూడండి: "ఇది ఏమిటి?" అనే ప్రశ్న కింద "నక్క", "మేక" అని రెండు బటన్లున్నాయి. పాప "మేక" నొక్కబోతుండగా బొమ్మ అప్పుడే వచ్చి బటన్లను కిందికి తోసింది. వేలు "నక్క" మీద పడింది, మార్కు పోయింది. పాపకి తెలిసిన జవాబే అది! పేజీ బాగా కింద ఉండే బొమ్మలకు లోడింగ్ దగ్గర "లేజీ" అని పెట్టొచ్చు, అక్కడిదాకా వచ్చినప్పుడే దిగుతాయి. పైన మొదట కనిపించే బొమ్మకు మాత్రం అది వద్దు.

అసలు రాకపోతే ఆదుకునేది ఆల్ట్ అనే వివరణ. చూపు లేని పిల్లలకు స్క్రీన్ రీడర్ చదివి వినిపించేదీ అదే. "తిరగలి బొమ్మ" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. "ఒకదాని మీద ఒకటి రెండు గుండ్రటి రాళ్లు, పై రాయికి కర్ర పిడి, చుట్టూ రాలిన పిండి" అని రాయండి. క్విజ్‌లో ఇంకో చిక్కుంది. ఆల్ట్‌లో "ఏనుగు" అని రాస్తే జవాబు చెప్పేసినట్టే. "పొడవైన తొండం, చాటలంత చెవులు ఉన్న జంతువు" అంటే పొడుపుకథలా ఉంటుంది, ప్రశ్న ప్రశ్నగానే మిగులుతుంది. అలంకారానికి పెట్టిన ముగ్గు, పువ్వుల అంచులాంటి వాటికి ఆల్ట్ ఖాళీగా ఉంచండి. అసలు రాయడం మానేస్తే మాత్రం స్క్రీన్ రీడర్ ఫైలు పేరును చదివే ప్రమాదముంది.

అక్షరాన్ని ఎప్పుడూ బొమ్మలో ఇరికించకండి. "తి" అనేది టైపు చేసిన అక్షరంగానే ఉండాలి, బొమ్మ దాని పక్కన ఉండాలి.

కోడ్ రాయడం వచ్చిన తల్లిదండ్రులకు ఒక పని: బొమ్మ విఫలమైనప్పుడు నడిచే ఆన్‌ఎర్రర్‌లో, విరిగిన గుర్తు బదులు లేతరంగు పెట్టె, అందులో ఆ వివరణ, "మళ్లీ ప్రయత్నించు" బటన్ చూపించండి. పెట్టె బదులు ఇంకో బొమ్మను పెట్టేటట్టయితే ముందు ఆన్‌ఎర్రర్‌ని తీసేయండి, లేకపోతే అదీ రానప్పుడు పేజీ అదేపనిగా అడుగుతూ కూర్చుంటుంది. క్విజ్‌లోనైతే బొమ్మో, దాని వివరణో కనిపించాకే బటన్లు పనిచేయాలి. రెండూ లేని ప్రశ్నని లెక్కలోంచి తీసేయండి, తప్పు కింద వేయకండి.

పరీక్షించడం తేలిక. ఒక ఫైలు పేరులో ఒక అక్షరం మార్చి, పేజీని మీ ఫోన్లో తెరవండి. ఆ పాఠం ఇంకా చదవని పిల్లల్ని ఒకరిని పిలిచి ఇచ్చి, మీరు ఏమీ చెప్పకుండా పక్కన కూర్చోండి.