తాళం తప్పిన రేడియో

సెకనును పది లక్షల ముక్కలు చేసి, అందులోంచి పదమూడు ముక్కలు తీస్తే ఎంత? రెప్పపాటులో అలాంటివి వేలసార్లు గడిచిపోతాయి. అంత చిన్న తేడా ఓ దేశంలో రేడియోల గొంతు నొక్కేసింది!

2016 జనవరి 26. మనమంతా రిపబ్లిక్ డే హడావిడిలో ఉన్నాం. అదే రోజున అమెరికా వైమానిక దళం పాతికేళ్లు పైబడిన ఓ జీపీఎస్ ఉపగ్రహాన్ని సేవల నుంచి తప్పించింది. ఆ క్రమంలో భూమ్మీది సాఫ్ట్‌వేర్‌లో పొరపాటు దొర్లి, 15 ఉపగ్రహాలు 13 మైక్రోసెకన్ల తేడాతో సమయం చెప్పడం మొదలెట్టాయి. దారి చూపే పనికి ఇబ్బందేమీ రాలేదు. కానీ బ్రిటన్‌లో బీబీసీ డిజిటల్ రేడియో ప్రసారాలు చాలాచోట్ల దెబ్బతిన్నాయి. ఎందుకలా?

చుక్కలు... ముగ్గు

డిజిటల్ రేడియోలో పాటైనా మాటైనా అంకెలుగా మారిపోతుంది. అంకెలు గాల్లో ప్రయాణించలేవు. యాంటెనాకు తెలిసింది తరంగాల భాషే. అందుకే ట్రాన్స్‌మిటర్‌లో అంకెల్ని తరంగంగా మార్చే భాగం ఒకటుంటుంది. దాని పేరు డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్... ముద్దుగా ‘డాక్’.

ముగ్గు వేయడం చూశారుగా! అంకెలు చుక్కలైతే, వాటిని కలిపే గీత తరంగం. బ్రిటన్‌లో వాడే ‘డ్యాబ్’ పద్ధతిలో సెకనుకు 20,48,000 చుక్కలు లెక్క. ప్రతి చుక్కా తన వేళకే పడాలి. గడియారం కాస్త తడబడినా చుక్క పక్కకు జరుగుతుంది, గీత వంకర పోతుంది.

కోలాటంలా...

మామూలు ఎఫ్ఎం రేడియోలో పక్కపక్క టవర్లకు వేర్వేరు ఫ్రీక్వెన్సీలు కావాలి. డ్యాబ్‌లో అలా కాదు. ఎన్నో టవర్లు ఒకే ఫ్రీక్వెన్సీలో, ఒకే పాటను, ఒకే క్షణంలో పంపుతాయి. కోలాటంలో కర్రలన్నీ ఒక్కసారే మోగినట్టన్నమాట. ఆ తాళం వేసేది జీపీఎస్ గడియారమే.

రేడియో తరంగం మైక్రోసెకనుకు 300 మీటర్లు పోతుంది. 13 మైక్రోసెకన్లంటే దాదాపు నాలుగు కిలోమీటర్లు! టవర్ ఉన్నట్టుండి అంత దూరం జరిగినట్టే. కొంత తేడాను తట్టుకునే వెసులుబాటు డిజిటల్ పద్ధతిలో ఉంది. కానీ కొన్ని ఉపగ్రహాలు ఒక సమయం, మరికొన్ని ఇంకో సమయం చెబితే దేన్ని నమ్మాలి?

అరువు గడియారం

ఇది రేడియో గొడవే కాదు. మొబైల్ టవర్లు, కరెంటు గ్రిడ్లు కూడా ఉపగ్రహాల సమయం మీద ఆధారపడతాయి. అరువు సొమ్ము బరువు చేటంటారు పెద్దలు. అరువు సమయమూ అంతే.

మన ‘నావిక్’ వ్యవస్థకూ ఆ చేదు తెలుసు. దాని తొలి ఉపగ్రహాల్లో పెట్టినవి విదేశీ గడియారాలు. వాటిలో కొన్ని మొరాయించాయి. చివరికి 2023 మే 29న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఎన్వీఎస్-01 ఉపగ్రహంలో, మనవాళ్లు సొంతంగా చేసిన రుబీడియం అణు గడియారం ఆకాశానికెక్కింది.

అది మోగదు, గంటలు కొట్టదు. కానీ తాళం మాత్రం మనది!