అంగడివాడు ఆప్తుడా?



నేటి నా ప్రసంగవిషయమును విని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. 36 సంవత్సరములు పిల్లలకు శబ్దరూపములును ఛందస్సును చెప్పి విశ్రాంతి గైకొన్న పంతులు చేపల వేటనుగూర్చి మాటలాడుట యేమి యని మీకు తోచుట సహజమే. నేను శాకాహారిని. మొన్నమొన్నటివఱకు చేప యనగా నాకు మత్స్యశబ్దమే కాని మఱియొకటి కాదు. అయినను నేను చెప్పబోవునది చేపలు పట్టెడి విద్య కాదు. ఆ విద్య నేర్వగోరి మొదటిసారి అంగడిమెట్లెక్కిన క్రొత్తవానికి అంగడివాడు చెప్పెడి మాట యెంతవఱకు నమ్మదగినది యనునదే నా ప్రశ్న.

2023వ సంవత్సరము ఆగస్టు మాసమున నేను అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమునకు, మా కుమారుని యింటికి, పోయి యుంటిని. సియాటిల్ నగరమును, దాని చెంతనున్న రెడ్మండ్, బెల్వ్యూ మొదలగు పట్టణములును మన తెలుగువా రనేకులు కాపురముండు తావులు. ఆ నగరము ప్యూజెట్ సౌండ్ అను సముద్రపుపాయ యొడ్డున నున్నది. స్కాజిట్, స్నోహోమిష్, పుయల్లప్ మున్నగు నదులు కొండలనుండి దిగివచ్చి యా పాయలో కలియును. ఈ నదులలోనికే సాల్మను చేపలు సముద్రమునుండి యెదురీది వచ్చును.

గోదావరికి వఱదనీటి కెదురువచ్చెడి పులసను మీ రెఱుగుదురు. సాల్మను ప్రయాణమును అట్టిదే. నదిలో పుట్టి, సముద్రమున పెరిగి, గ్రుడ్లు పెట్టుటకై మరల నదికి వచ్చును. ఆ తీరమున సాల్మనులు అయిదు జాతులు. అయిదును గ్రుడ్లు పెట్టిన పిమ్మట మరణించును. వానిలో పింక్ సాల్మను అనుదానికి ఆయువు రెండే యేండ్లు. ప్యూజెట్ సౌండ్ నదులలోనికి ఇవి బేసిసంఖ్యగల సంవత్సరములలో విస్తారముగా వచ్చును. 2023 అట్టి సంవత్సరము. మా మనుమనికి అప్పుడు 12 ఏండ్లు. తాను దాచుకొన్న 100 డాలరులతో ఆ యేడు సాల్మనును పట్టితీరవలెనని వాడు పూనుకొనెను. తోడుగా నేనును బయలుదేఱితిని.

ఇచట నొక శాస్త్రవిషయము చెప్పవలసి యున్నది. సాల్మను నదిలో ప్రవేశించిన పిదప ఆహారమును మానును. దాని జీర్ణకోశము ముడుచుకొనిపోవును. సముద్రమున కూడబెట్టుకొన్న క్రొవ్వుతోడనే తుదిప్రయాణమును సాగించును. ఆకలి లేని ప్రాణికి ఎఱ చూపి పట్టుట యెట్లు? దీనికై కృత్రిమమైన యెఱలను కల్పించిరి. చెంచావలె వంగిన లోహపుఱేకు ఒకటి; నీటిలో గిరగిర తిరిగెడి ఱేకు గలది మఱియొకటి; సీసపు తలకు ఈకలు కట్టి కుప్పించునట్లు చేసిన జిగ్గు అనునది వేఱొకటి. ఆకలి లేకున్నను సాల్మను వీనిని ఒక్కొక్కప్పుడు కఱచును. తన చోటికి వచ్చినదనెడి కోపముచేతనని కొందఱును, సముద్రమునాటి యలవాటుచేతనని కొందఱును చెప్పుదురు. కారణమేదైనను, ఈ చేపకు ఈ యెఱ యిష్టము అనెడి మాటకు పునాది మిక్కిలి పలుచనిది. తినుటయే మానినదాని యిష్టము ఎవరికి తెలియును?

మొదట మేము పోయినది పెద్ద యంగడి. ఒక గోడ నిండ ఎఱలు వ్రేలాడుచుండెను. గులాబి, ఆకుపచ్చ, నారింజ, వెండి రంగులలోని వాని మెఱుగులు చూచి నాకు మా యూరి తిరునాళ్లలోని గాజుల దుకాణము జ్ఞప్తికి వచ్చెను. అచటి యువకుడు మర్యాద గలవాడే. “పింక్ సాల్మనుకు గులాబిరంగు. అందఱును దీనినే కొనుచున్నారు. నీరు కలకబాఱిన ఇది, తేటపడిన అది, ఎండ కాసిన వేఱొకటి” యని చెప్పుచు 11 ఎఱలను బల్లపై పేర్చెను. వెల 86 డాలరులు. మావాడు ఎక్కడ నిలిచి విసరునో, నీరెంత లోతో, వాని గాలపుకఱ్ఱ యెంత బరువునకు తగినదో ఆతడు అడుగలేదు. అడుగదగినవని తెలియక మేమును చెప్పలేదు.

రెండు దినములు నదియొడ్డున నిలిచితిమి. నడుములోతు నీరు, అడుగున గుండ్రాళ్లు, మునిగిన మ్రాకులు. మావాడు విసరిన ప్రతి యెఱయు తటాలున మునిగి రాళ్లసందున చిక్కుకొనెను. రెండవనాటి సాయంకాలమునకు ఏడు పోయినవి. చేప యొక్కటియు పడలేదు. ప్రక్కవారికి పడుచునే యుండెను. త్రోవపొడవున మనుమడు మాటలాడలేదు. ఇల్లు చేరిన పిదప, “తాతయ్యా, ఆయన నన్ను మోసము చేసెనా? లేక నాకే చేతగాదా?” అని యడిగెను. నేను బదులు చెప్పలేకపోతిని.

మఱునాడు ఆ నదిచెంతనే యున్న చిన్న యంగడికి పోయితిమి. అచట నొక ముసలమ్మ యుండెను. ఆమె ఏ యెఱను చూపకమునుపే మావానిని ప్రశ్నింప నారంభించెను. ఒడ్డున నిలుతువా, పడవలో పోదువా? నీ రెంత లోతు? కఱ్ఱ యేది? పట్టిన చేపను వ్రాసికొనెడి చీటి తీసికొంటివా? ఆ రాష్ట్రమున 15 ఏండ్లు నిండని పిల్లలకు చేపల వేటకు అనుమతిపత్రము అక్కఱలేదు గాని, సాల్మనును పట్టుటకు ఆ చీటి యుండవలెను. పిమ్మట, మిగిలిన నాలుగు ఎఱలను చూపుమనెను. చూచి, “పోయినవన్నియు ఇట్టి బరువైనవేనా? ఇవి సముద్రపుటొడ్డున నిలిచి దూరముగా విసరుటకు మంచివి. నడుములోతు నదిలో రాతికే పోవును” అని చెప్పెను. ఆ నాలుగింటిలో ఒక గులాబిరంగు చెంచా మాత్రము తేలికయైనది. దాని గాలపుమొనను బొటనవ్రేలి గోటిపై ఆనించెను. అది గోటికి తగుల్కొనక జాఱెను. “మొద్దువాఱినది” అని ఆకురాయితో పదును పెట్టి, ఆ నదిలోని నియమము చొప్పున గాలపు ముల్లును పటకారుతో అణచివేసెను.

“ప్రవాహమునకు అడ్డముగా, కొంచె మెగువకు విసరుము. ఎఱ నేలకు జానెడు పైగా పోవలెను. చేపలు పైకి దుముకుచోటు చూచికొని నిలువుము. గాలము వెన్నున గాని తోకను గాని తగిలిన చేప నీది కాదు, విడిచిపెట్టవలెను. నోట కఱచినదే నీది.” ఇదియే ఆమె చెప్పినది. అంత తేలికయైన యెఱ నింకొకటియు, చిన్న ఆకురాయియు అమ్మి, 12 డాలరులు పుచ్చుకొనెను.

ఆ మఱుసటి యుదయము చీకటితోనే పోయితిమి. తెల్లవాఱునప్పటికి ఒక చేప పడెను. కాని గాలము దాని వెన్నున తగిలి యుండెను. మా మనుమడు కన్నుల నీరు పెట్టుకొనియు దానిని తన చేతులతోడనే విడిచెను. నన్ను చూడలేదు, ఎవరును చెప్పలేదు. గడియకు పిమ్మట రెండవది నోట కఱచెను. చీటిలో వ్రాసికొని ఇంటికి తెచ్చెను. అది కఱచినది ముసలమ్మ అమ్మిన యెఱ కాదు. మొదటి యంగడిలో కొన్న చెంచాయే.

ఇక విచారింతము. మొదటి యువకుని సరకు చెడ్డది కాదు; చేపయే సాక్ష్యము చెప్పినది. మఱి లోపమెక్కడ? మన నైయాయికులు ఆప్తుని వాక్యమును ఒక ప్రమాణముగా నంగీకరించిరి. ఆప్తునికి రెండు లక్షణములు ముఖ్యములు: విషయమును ఉన్నదున్నట్లు ఎఱిగి యుండుట, ఎఱిగినదానిని ఉన్నదున్నట్లు చెప్పగోరుట.

మొదటి లక్షణము గాలముల యంగడివారికి కలదు. ప్రతిదినము పదుగురు వేటగాండ్రు వచ్చి, చేప లెంతదూర మెక్కివచ్చినవో, ఏ మడుగున నిలిచినవో చెప్పిపోవుదురు. అట్టి తాజా తెలివి ఏ గ్రంథమునను దొరకదు. దానిని తృణీకరించుట మూర్ఖత. చిక్కు రెండవదానియందున్నది. అంగడివాడు బొంకునని నే ననను. కాని ఎఱ యమ్మినందుకు వానికి కూలి గిట్టును. “ఇది నీకు అక్కఱలేదు” అనినందుకు గిట్టదు. కావున వాని మాటలలో అబద్ధముకంటె చెప్పక విడిచిన నిజమే యెక్కువ. చేయితిరిగిన వేటగాడు ఆ విడిచినదానిని తానే పూరించుకొనును. క్రొత్తవాడు పూరించుకొనలేడు, విడువబడినదని కూడ ఎఱుగడు. నష్టము వానిదే.

“అందఱును దీనినే కొనుచున్నారు” అను మాటను కూడ పరీక్షింతము. ఏటియొడ్డున 100 మందిలో 90 మంది గులాబిరంగు ఎఱనే విసరుచున్నారనుకొందము. అన్నిరంగులకు చేప సమముగా పడినను, పడిన పది చేపలలో తొమ్మిది గులాబిరంగునకే పడును. ఇది విసరినవారి సంఖ్యవలన వచ్చినదే కాని రంగువలన వచ్చినది కాదు. అన్వయ మొక్కటియే చాలదు, వ్యతిరేకమును వలయును. అనగా అదే మడుగున, అదే లోతున వేఱు రంగులు విసరి వట్టిచేతులతో మరలినవా రెందఱని అడుగవలెను. రంగు వట్టిదని నా తాత్పర్యము కాదు. నీరు ఎఱ్ఱని కాంతిని మొదట హరించును. తేటనీటిలో ఆకుపచ్చయు నీలమును ఎక్కువ లోతునకు పోవును. లోతైన సముద్రమున రంగుల విచారణకు కారణము కలదు. నడుములోతు నదిలో బరువు, లోతు, గాలపు పదును ముందు, రంగు వెనుక.

ఇది నేటి వింత కాదు. ఇంగ్లండున జార్జి కెల్సన్ అను నతడు 1895లో ‘ది సాల్మన్ ఫ్లై’ అను గ్రంథమున ఈకలతో కట్టిన యెఱల ననేకములను వర్ణించెను. ఆ కాలమున ప్రసిద్ధికెక్కిన జాక్ స్కాట్ అను నెఱలో మన దక్షిణదేశపు అడవికోడి మెడయీకలు కూడ చేర్చెడివారు. ఎక్కడి అడవికోడి, ఎక్కడి స్కాట్లండు నది! నేడు నాలుగు వెండ్రుకలు కట్టిన సామాన్యపు టెఱకును ఆ సాల్మనే పడుచున్నది. ఆ యీకల సొగసులో చేపకొఱకైన పాలెంత, కొనువానికొఱకైన పాలెంత యని యోచింపక తప్పదు.

ఇంత చెప్పి ఆ యువకునిపై నేరము మోపుదునా? మోపుటకు నాకు నోరు రాదు. నేను ఉద్యోగమున నున్నప్పుడు ప్రతి జూన్ మాసమున ఒక పుస్తకముల వ్యాపారి మా బడికి వచ్చి, తన ప్రశ్నోత్తరముల పుస్తకములు నాకు ఊరక యిచ్చిపోవుచుండెను. నేను వానినే పిల్లలకు చెప్పుచుంటిని. అవి చెడ్డ పుస్తకములు కావు, నే నబద్ధమాడలేదు. ఒక యేడు చేనేతవారి పిల్లవా డొకడు, తండ్రిచేత అప్పు చేయించి, మూడు పుస్తకములు కొనెను. వానికి కావలసినది పుస్తకము కాదు. దినమున కరగంట నా యెదుట కూర్చుండి తప్పులు దిద్దుకొనుట. నే నది యెఱుగుదును. చెప్పలేదు. వా డా యేడు తప్పెను. మరల బడికి రాలేదు. గోడ నిండ ఎఱలు గల యా యంగడిలో, బల్లకు ఆవలివైపున నిలిచినది నేనే యని నాకు అప్పుడు తోచెను.

అందుచేత మా మనుమనికి ఆలస్యముగా నైనను ఇట్లు చెప్పితిని: “ఆతడు నిన్ను మోసము చేయలేదు. నిన్ను అడుగలేదు. నీకు చేతగాకపోలేదు. నీవు చెప్పలేదు.”

క్రొత్తగా ఏ విద్యకైనను అంగడికి పోవువారికి నా మనవి యిది. మొదటి దినము వట్టిచేతులతో పోయి, ఏటిని, విసరువారిని చూచి రండు. చోటు, లోతు, మీ పనిముట్టు, మీ చేతిలోని సొమ్ము అంగడివానికి ముందే చెప్పుడు. “రెండే కొనగలను, ఏవి? ఎట్లు వాడవలెను? నాకు అక్కఱలేనివి యేవి?” అని యడుగుడు. ఈ కడపటి ప్రశ్నకు వెనుదీయక బదులు చెప్పినవాడు ఆప్తుడు. వానియొద్దనే కొనుడు.

2025లో పింక్ సాల్మనులు మరల వచ్చినవి. మనుమడు ఫోనులో ఆ కబురు చెప్పెను. ఈసారి వాడు మొదటి పెద్దయంగడికే పోయి, “ఒడ్డున నిలుతును, నీరు నడుములోతు, నా కఱ్ఱ యిది” అని చెప్పెనట. ఆ యువకుడు చేతికి తీసిన అయిదు ఎఱలలో మూడింటిని తిరిగి గోడకు తగిలించెనట.