మీకు తెలుసా? కిటికీ సందుల్లోంచి ఏటి ఇసుక

అనంతపురం జిల్లా కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో వేదవతి (హగరి) ఒడ్డున ఇసుక దిబ్బలున్నాయి. నైరుతి గాలులు పడమటి కనుమల్లోనే చాలా తడి వదిలేసి ఈ మెట్టసీమకు చేరతాయి. జూన్ నుంచి ఆగస్టు దాకా ఆ గాలికి ఎండిన ఏటి ఇసుక లేచి పొలాలను కప్పేస్తుంది.

ఆ గాలి రోజుల్లో కిటికీలన్నీ వేసినా కంచంలో దుమ్ము పడుతోందా? ఫ్యాన్ ఆపి, కర్టెన్లు పక్కకు తీసి, వెలిగించిన అగరుబత్తిని కిటికీ రెక్క అంచు వెంట మెల్లగా కదపండి. పొగ చెదిరిన చోటే సందు ఉంటుంది. ఎండలకు కలప కుంచించుకుపోతుంది కాబట్టి పాత చెక్క కిటికీల్లో ఇది మామూలే. చౌకట్టుకూ గోడకూ మధ్య చీలిక ఉంటే సిమెంటు పూయండి. రెక్క సరిగ్గా ఆనకపోతే ముందు బందుల స్క్రూలు బిగించి, ఆ తర్వాతే రబ్బరు బీడింగ్ అంటించండి. అంటించే చోట తడిగుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. దుమ్ము మీద అంటిస్తే నాలుగు రోజులకే ఊడొస్తుంది. గాలి వచ్చే పడమటి కిటికీలతో మొదలుపెట్టడం మేలు. వంటింటి వెంటిలేటర్‌ను మాత్రం మూయకండి, గ్యాస్ పొయ్యికి గాలి ఆడాలి.