వార్తల్లో పదం: ఉమ్మడి ఉద్దేశం

ఒక కంది చేను గట్టు దగ్గర నలుగురు కలిసి ఒకరిని కర్రలతో కొట్టి చంపారనుకుందాం. ప్రాణం తీసిన దెబ్బ ఎవరిదో పోస్టుమార్టంలో తేలలేదు. అంతమాత్రాన వాళ్లు తప్పించుకోలేరు. చంపాలన్న ఉద్దేశం నలుగురిదీ అయితే, ప్రతి ఒక్కరూ ఒంటరిగా చంపినట్టే లెక్క. పాత ఐపీసీలో ఇది 34వ సెక్షన్. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 3(5).

1923లో కలకత్తా శంకరీటోలా పోస్టాఫీసులో డబ్బు లెక్కపెడుతున్న పోస్టుమాస్టర్‌ను దుండగులు కాల్చేశారు. తాను బయట నిలబడ్డానంతే అన్నాడు నిందితుడు బరేంద్ర కుమార్ ఘోష్. 1925లో, అప్పట్లో తుది అప్పీళ్లు వినే ప్రివీ కౌన్సిల్ ఆ వాదన ఒప్పుకోలేదు.

అయితే మనిషి ఆ నేరంలో పాలుపంచుకున్నాడని ముందు రుజువు కావాలి. గుంపు దాడుల్లో కేసు వీగిపోయేది ఇక్కడే. ఆంధ్రప్రదేశ్‌లోని చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. చావులు ఎప్పుడు, ఎక్కడ జరిగాయో, దాడి చేసిందెవరో ప్రాసిక్యూషన్ నిరూపించలేదంటూ 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. ప్రాణభయంతో పొలాలకు అడ్డంపడి పరిగెత్తినవాళ్లను ఎవరి చేతిలో గొడ్డలి ఉందో, ఎవరి చేతిలో బరిసె ఉందో చెప్పమనడం నా దృష్టిలో అన్యాయం.