‘అత్యవసరము’ : అర్థము, వ్యవహారము

సంకటసమయమును తెలుపుటకు తెలుగున ఆపద, గండము, అత్యవసరము అను మూడు మాటలు విరివిగా వ్యవహారమున నున్నవి. ఇవి పర్యాయపదములవలె కన్పట్టినను వీని భావములు భిన్నములు. తుఫానులకు ఆలవాలమైన శ్రీకాకుళ, విజయనగర జిల్లాల తీరమున ఈ భేదము కేవలము నిఘంటుచర్చ కాదు; ప్రాణరక్షణకు సంబంధించినది.

‘ఆపద’ అనునది ‘ఆ’ ఉపసర్గతో కూడిన ‘పద్’ ధాతువువలన ఏర్పడినది. మీదికి వచ్చి పడునది అని దాని భావము. ఆపద వచ్చును, ఆపదలో నున్నవానిని మరియొకడు ఆదుకొనును. ఆపద్బాంధవుడు, ఆపదమొక్కులవాడు అను మాటలు ఈ భావమునుండియే పుట్టినవి. కావున ఆపద యన్న మాట పరుల సాయమును అపేక్షించును.

‘గండము’ జ్యోతిషవ్యవహారమున బలపడిన మాట. జలగండము, అగ్నిగండము అనునప్పుడు జాతకమున ముందే నిర్ణీతమైన అపాయకాలము స్ఫురించును. ఈ మాటతో చేరు క్రియలను చూడుడు: గండము తప్పును, గడచును, మనుష్యుడు గండమునుండి గట్టెక్కును. ‘దినదినగండము నూరేండ్లాయుష్షు’ అను సామెత యందును ఇదియే ధ్వని. ఇచ్చట మనుష్యుని పాత్ర యెక్కువగా ఓర్చి వేచియుండుటయే.

‘అత్యవసరము’ వీనికి భిన్నము. సంస్కృతమున ‘అవసర’ శబ్దమునకు సమయము, సందర్భము అని ప్రధానార్థము. తెలుగున అది కావలసినది, ఆవశ్యకము అను అర్థమున స్థిరపడినది. ‘అతి’ చేరగా, వాయిదా వేయుటకు వీలులేనిది అను భావము కలిగెను. అత్యవసర చికిత్స, అత్యవసర సమావేశము అనునప్పుడు ఈ మాట కార్యమును విశేషించుచున్నది. రాజ్యాంగము 352వ అధికరణము క్రింద 1975 జూన్ 25న ప్రకటింపబడి, 1977 మార్చి 21న తొలగిన ‘అత్యవసర పరిస్థితి’తో దీనికి మరియొక ఛాయ యేర్పడినది. నేడు ‘ఎమర్జెన్సీ రోజులు’ అన్నచో నిర్బంధము గుర్తునకు వచ్చును; ‘ఎమర్జెన్సీ కేసు’ అన్నచో ఆసుపత్రి గుర్తునకు వచ్చును.

ఇక తుఫాను హెచ్చరికల భాషను పరిశీలింతము. గాలివేగము గంటకు 31 మొదలు 49 కిలోమీటర్లున్నచో వాయుగుండము. 62 చేరినచో తుఫాను. ‘వాయుగుండము’న నున్నది గుండమే కాని గండము కాదు. సుడిగుండమునందువలెనే ఇచ్చట గుండము సుడితిరుగు ఆకృతిని తెలుపును. అయినను ధ్వనిసామ్యముచే గండమని తలచినవాడు అది గడచిపోవునని యింటనే యుండుట సంభవము. కళింగపట్నము, భీమునిపట్నము రేవులలో ఎగురవేయు ప్రమాద సూచికల అంకెలు ప్రధానముగా నౌకలకు ఉద్దేశింపబడినవి. గట్టుమీది గృహిణి ఏమి చేయవలెనో అవి చెప్పవు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ‘తిత్లీ’ తుఫాను పలాస సమీపమున తీరము దాటెను. ఉద్దానపు కొబ్బరి, జీడిమామిడి తోటలు విస్తారముగా నేలకూలెను. అట్టి రాత్రి వినువానికి కావలసినది ఉపద్రవము యొక్క నామము మాత్రమే కాదు. ఎప్పుడు, ఎచ్చటికి వెళ్లవలెనో తెలుపు క్రియ. ‘అత్యవసర ప్రకటన’ అని శీర్షిక నుంచి, క్రింద ‘అప్రమత్తముగా నుండవలెను’ అని ముగించినచో ఆ విశేషణము వ్యర్థము. ‘చీకటి పడకమునుపే పాఠశాల భవనమునకు చేరుడు’ అన్నప్పుడే దానికి సార్థకత.

1863లో ఈ శ్రీకాకుళసీమయందలి పర్వతాలపేటలో జన్మించిన గిడుగు రామమూర్తి, వ్రాత జనులకు బోధపడవలెనని జీవితాంతము వాదించెను. ఆ వాదమునకు తుఫాను హెచ్చరికకంటె కఠినమైన పరీక్ష మరియొకటి లేదు. ఆపద సాయమును కోరును. గండము ఆశను నిలుపును. అత్యవసరము తక్షణకార్యమును విధించును. మూడును మనకు కావలసినవే. కాని హెచ్చరిక వ్రాయువాడు మూడవదానిని ఎన్నుకొని, దాని వెంట చేయవలసిన పనిని స్పష్టముగా చెప్పుట విధి.