వారంలో ఒకటిన్నర గంట

వారానికి 168 గంటలు. బిడ్డను వారంలో రెండుసార్లు, ముప్పావు గంట చొప్పున ఫిజియోథెరపీకి తీసుకెళ్తే అయ్యేది ఒకటిన్నర గంట. నూటికి ఒక వంతు కూడా లేదు. మిగతాదంతా ఇంట్లోనే గడుస్తుంది. అందుకే తల్లి చేతులకు పని నేర్పని ఫిజియోథెరపీ సగం వైద్యమే అంటాను.

తమిళనాడులోని కోవిల్‌పట్టి, విరుదునగర్ నల్లరేగడి ఊళ్లలో తరతరాలుగా తెలుగు ఇళ్లున్నాయి. తమిళ రచయిత కి. రాజనారాయణన్ పుట్టిన ఇడైసెవల్ అక్కడిదే. ఆ ఇళ్లలో ఆసుపత్రి చీటీ తమిళంలో ఉన్నా, కాలు సాగదీస్తున్నప్పుడు ఏడ్చే బిడ్డను అవ్వ బుజ్జగించేది తెలుగులోనే.

వైద్యం ఇంటివాళ్ల చేతుల మీద ఎంత ఆధారపడుతుందో తెలియాలంటే వంకర పాదం సంగతే చూడండి. సుమారు వెయ్యి కాన్పుల్లో ఒక బిడ్డకు వస్తుంది. పాన్‌సెటి పద్ధతిలో వారం వారం పాదాన్ని మెల్లగా తిప్పి పిండికట్టు వేస్తారు. సాధారణంగా ఐదారు కట్లకు పాదం దారికొస్తుంది. చాలామందికి మడమ వెనక స్నాయువుకు చిన్న కోత పెట్టి, మరో మూడు వారాలు కట్టు ఉంచుతారు. అసలు పరీక్ష ఆ తర్వాతే. రెండు బూట్లను కడ్డీతో కలిపిన పట్టీని మూడు నెలలపాటు రోజుకు 23 గంటలు తొడగాలి. అంటే రెండువేల గంటల పైమాటే. తర్వాత నాలుగైదేళ్ల వయసు దాకా నిద్రపోయేటప్పుడు వేయాలి. 'పాదం బాగైంది కదా' అని జాలిపడి తీసేస్తే మళ్లీ వంకర తిరుగుతుంది. ఆ జాలిని ఎవరూ తప్పుపట్టలేరు. కానీ దాని ఖరీదు బిడ్డ నడకే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనంలో దాదాపు పిల్లలందరూ 9.2 నెలలకు ఊతం లేకుండా కూర్చున్నారు, 17.6 నెలలకు సొంతంగా నడిచారు. ఆ వయసు దాటినా కూర్చోకపోతే, నడవకపోతే 'వాళ్ల నాన్నా ఆలస్యంగానే నడిచాడు' అని ఊరుకోకూడదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ల వరకు పిల్లలను అంగన్‌వాడీల్లో ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడుల్లో ఒకసారి పరీక్షించాలి. 2021 ఆగస్టు 5న తమిళనాడు మొదలుపెట్టిన 'మక్కళై తేడి మరుత్తువం' (ప్రజలను వెతుక్కుంటూ వైద్యం) పథకంలో ఇంటికొచ్చి చేసే ఫిజియోథెరపీ కూడా ఉంది. ఇవి అడిగి తీసుకోవాల్సిన సేవలు.

బిడ్డ బడికెళ్లే వయసుకొచ్చాక సంచినీ చూసుకోవాలి. దాని బరువు పిల్లల బరువులో పదో వంతు దాటకూడదని 2020 నాటి కేంద్ర బడి సంచి విధానం. 30 కిలోల పిల్లకు 3 కిలోలు. అందులో లీటరు నీళ్లే ఒక కిలో.

11–17 ఏళ్ల వాళ్లలో 81 శాతం మందికి రోజుకు గంట శారీరక శ్రమ కూడా లేదని 2016 నాటి ప్రపంచ లెక్క. హాకీ ఊరు కోవిల్‌పట్టిలో పిల్లలు కర్ర పట్టుకుని పరుగెడుతుంటే కడుపు నిండుతుంది. అయితే చీలమండ మెలికపడ్డ పిల్ల నొప్పి తగ్గగానే మైదానానికి పోతానంటుంది. ముందు ఆ మెలికపడ్డ కాలు ఒక్కదాని మీదే నిలబెట్టి, మడమ పైకెత్తించి చూడండి. రెండో కాలితో ఎన్నిసార్లు ఎత్తగలదో దీనితోనూ అన్నిసార్లు ఎత్తాలి. ఎత్తలేకపోతే ఆట ఇంకా ఆగాల్సిందే.